కొండ రాజీనామా

మా శాఖలో రాళ్ళ గురించి తెలిసినవాళ్ళు తక్కువ. అందువల్లే శాఖ చాలాకాలం సాఫీగా నడిచింది. రాయి తెచ్చి బల్లమీద పెడితే, కాగితాలు ఎగిరిపోకుండా పనికొస్తుందని సంతోషించే డైరెక్టర్లే నాకు వరసగా దొరికారు. వాళ్ళెవరితోనూ నాకు పేచీ రాలేదు. రాళ్ళమీద ఉత్సాహం పుట్టిన డైరెక్టరు వచ్చాకే అసలు కథ మొదలైంది.

ఆయన పేరు అంగదరావుగారు. అంతకుముందు ఆయన ఉద్యోగమంతా సచివాలయంలో సెలవులు, సర్వీసు నిబంధనలు చూడటంలోనే గడిచింది. ఏ ఉద్యోగి ఏ రోజు ఎక్కడున్నాడు, ఎందుకున్నాడు, ఆ ఉండటాన్ని డ్యూటీగా భావించాలా సెలవుగా భావించాలా అన్న విషయంలో ఆయన్ని మించినవాడు లేడని పేరు. అలాంటి మనిషిని భూస్తర శాఖకు ఎందుకు వేశారని మీరు అడగవచ్చు. ఆయనకు ముందున్నాయన చేపల శాఖ నుంచి వచ్చాడు. అప్పుడు ఎవరూ అడగలేదు.

అంగదరావుగారు వస్తూనే ఏదో విదేశీ సదస్సుకు వెళ్ళి, అక్కడ ఒక రంగుల పటం చూశారు. భూమి పుట్టింది మొదలు ఈనాటిదాకా కాలాన్ని గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక పేరూ ఒక రంగూ ఇచ్చిన పటం అది. ప్రపంచంలో ఏ రాయైనా అందులో ఏదో ఒక గడిలో కూర్చోవలసిందే. ఒక గడి ఎక్కడ ముగిసి ఇంకో గడి ఎక్కడ మొదలవుతుందో చూపించడానికి ఎక్కడో ఒక దేశంలో బండమీద మేకు కూడా కొడతారు. ఆ మేకు ఏ బండమీద కొట్టాలో తేల్చడానికి పండితులు ఏళ్ళ తరబడి జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. ఆ పోట్లాట సంగతి మా డైరెక్టరుగారికి ఎవరూ చెప్పలేదు. ఆయనకు రంగులు నచ్చాయి, మేకు ఇంకా నచ్చింది.

తిరిగొచ్చిన వారంలోనే పటం రాష్ట్రంలోని మా ఆఫీసులన్నిటికీ చేరింది. దానివెనకే ఉత్తర్వు వచ్చింది. "ఇందుమూలముగా తెలియజేయునదేమనగా, రాష్ట్రమందలి సమస్త శిలాస్తరములు ప్రపంచ భూకాల పట్టికతో అనుసంధానింపబడవలెను. అనుసంధానము కాని శిలలకు వయో ధ్రువపత్రము జారీ చేయబడదు. వయో ధ్రువపత్రము లేని శిల క్వారీ దాటి వెళ్ళరాదు."

ఒక ఊరి పొరను ప్రపంచం పొరతో జతచెయ్యడమే నేను చదువుకున్న చదువు. కాబట్టి సంతోషించవలసింది నేనే. కానీ ఆ పని ఎలా జరుగుతుందో కూడా చదువుకున్నాను కనుక భయం వేసింది. ఒకే రకం గవ్వ ఇక్కడి రాయిలోనూ, సముద్రాల అవతలి రాయిలోనూ దొరికితే ఆ రెండూ ఒకేనాటివని చెప్పవచ్చు. మా జిల్లా బండలు పడేనాటికి గవ్వలు ఇంకా పుట్టలేదు. అంత పాత రాళ్ళ దగ్గర ఎప్పటిదో అగ్నిపర్వతం బూడిద పొర దొరకాలి, లేదా ఇసుక రేణువుల్ని ప్రయోగశాలకు పంపి నెలల తరబడి ఎదురుచూడాలి. అంతా అయ్యాక కూడా వచ్చే జవాబు "సుమారు" అనే మాటతోనే మొదలవుతుంది. డైరెక్టరుగారి పట్టికలో సుమారుకు గడి లేదు.

నెలకొకసారి అన్ని జిల్లాలతో వీడియో కాన్ఫరెన్సు పెట్టారు. గళ్ళన్నీ నిండిన జిల్లా తెరమీద ఆకుపచ్చగా కనిపిస్తుంది, నిండనిది ఎర్రగా. మొదటి కాన్ఫరెన్సులోనే ఒక కోస్తా జిల్లా అధికారి లేచి, "అన్ని కాలాలూ సంతృప్త స్థాయిలో పూర్తిచేశాం సార్. ఇంకా రెండు కాలాలు మిగిలాయి, వెనకబడిన జిల్లాలకు సర్దుతాం" అన్నాడు. డైరెక్టరుగారు చప్పట్లు కొట్టారు, అందరం కొట్టాం. ఆ జిల్లాలో ఉన్నదంతా నిన్నమొన్నటి ఒండ్రుమట్టి.

మా జిల్లా ఎర్రగా మిగిలింది. కారణం నాపలదిన్నె కొండ.

నాపలదిన్నెలో ఇళ్ళన్నీ బండలు కొట్టి బతికే ఇళ్ళే. కొండ పైసగంలో నాపరాతి పొరలు పరుపులు పేర్చినట్టు చదునుగా ఉంటాయి. ఉలి దింపి గడ్డపార వేస్తే పలకలుగా లేస్తాయి. చుట్టుపక్కల ఏ ఇంటి అరుగు చూసినా, ఏ బడి వరండా చూసినా ఆ బండే. ఆ పరుపుల అడుగున గులకరాళ్ళ పట్టీ ఒకటి అడ్డంగా పోతుంది. దానికింద ఉన్నవి వేరే రాళ్ళు, పక్కకు వాలిపోయి ఉంటాయి, పలకలుగా లేవవు. అందుకని పట్టీ కనిపించగానే అక్కడ కొబ్బరికాయ కొట్టి, పని ఆపి, పక్కకు జరగడం ఆ ఊరి ఆచారం. వాళ్ళకు అది పని ఆగే చోటు. నాకు అది సుమారు యాభై కోట్ల సంవత్సరాలు మాయమైన చోటు.

కొత్త ఉత్తర్వు వచ్చిన రోజునుంచి ఆ ఊరినుంచి ఒక్క లారీ కదల్లేదు. కొట్టిన బండలు రోడ్డు పక్కన ఇంటి ఎత్తు పేరుకుపోయాయి. పదిహేను రోజులు చూసి, ఆ ఊరి బండల సంఘం పెద్ద కుళ్ళాయమ్మ నేరుగా మా ఆఫీసుకు వచ్చింది. మాట గట్టిది. అబద్ధం ఆడవలసి వస్తే మొహమాటపడే మనిషి కాదు.

"ఏం సార్, మా రాళ్ళకు వయసు తేల్తాదా, తేలదా?" అంది కుర్చీ లాక్కుని.

"తేల్తుందమ్మా. పైపొరల వయసు ఒకటి, కిందిపొరల వయసు ఇంకొకటి. మధ్యలో కొంతకాలం లేదు. దాన్ని ఏ గడిలో పెట్టాలో పైవాళ్ళు చెప్పాలి."

"ల్యాకపోతే ల్యాకపాయ. నూరేండ్లు రాసుకోండి, లచ్చేండ్లు రాసుకోండి, మీరు ఎంత రాస్తే మేము అంత ఒప్పుకుంటాం. లారీ పోతే చాలు. పొయ్యి మీదికి ఏం రావాలన్నా ఆ బండ పోతేనే గదా సార్."

ఆమె ఒప్పుకోవడంతో పని జరిగేట్టుంటే భూగర్భ శాస్త్రం ఎప్పుడో పూర్తయ్యేది. నేను మాత్రం నిజాయితీగా నివేదిక రాసి పంపాను. రెండు పొరల మధ్య సుమారు యాభై కోట్ల సంవత్సరాల కాలానికి రాతిలో ఆధారం లేదనీ, ఇలాంటి ఖాళీలు ప్రపంచమంతా ఉన్నాయనీ, ఉన్నదున్నట్టు గుర్తించి పైబండలకు ధ్రువపత్రం ఇవ్వవచ్చనీ రాశాను. నాలుగో రోజు డైరెక్టరుగారే కారేసుకుని నాపలదిన్నెకు వచ్చారు.

గులకరాళ్ళ పట్టీమీద చెయ్యి పెట్టించాను. "సార్, మీ బొటనవేలు కింద ఉన్నది ఒక కాలం, చూపుడువేలు దగ్గర ఉన్నది ఇంకో కాలం" అన్నాను. ఆయన వేళ్ళు రెండూ మార్చి మార్చి చూసుకున్నారు.

"ఈ యాభై కోట్ల సంవత్సరాలు కొండ ఎక్కడుంది?"

"ఇక్కడే ఉంది సార్. కింది పొరలు పడ్డాక సముద్రం వెనక్కి పోయింది. నేల పైకి లేచి వాలిపోయింది. ఎండకీ వానకీ అన్ని కోట్ల ఏళ్ళు అరిగింది. మళ్ళీ సముద్రం వచ్చాక పైపొరలు పడ్డాయి."

"అంటే ఆ మధ్యకాలంలో పొరలు వెయ్యలేదు."

"వెయ్యలేదు సార్. అరిగింది."

"అరగడం దాని విధుల్లో ఉందా?"

ఆ మాట అనగానే ఆయన ముఖం వికసించింది. అంతవరకు రాళ్ళ మధ్య దారితప్పినట్టున్న మనిషికి సొంత ఊరు కనిపించింది. "చూడండి పరాంకుశం గారూ, ప్రభుత్వంలో కాలం రెండే రకాలు. డ్యూటీ, సెలవు. మూడో రకం కాలం నా సర్వీసులో నేను చూడలేదు. మీ సమస్య శాస్త్రానిది కాదు, సెలవు క్రమబద్ధీకరణది. నాకు వదిలెయ్యండి" అన్నారు.

మర్నాటికల్లా కొండకు సంజాయిషీ నోటీసు తయారైంది. "సదరు కొండ ఎట్టి అనుమతియు లేకుండ, ఎట్టి సమాచారమును ఇవ్వకుండ, దీర్ఘకాలము స్తర నిర్మాణ విధులకు హాజరు కాకపోవుటకు కారణములను పదిహేను దినములలోగా తెలుపవలెను. లేనియెడల చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించబడును." నోటీసు ఎవరిచేతికి ఇవ్వాలన్న సందేహం వచ్చింది. చేతికి తీసుకోని ఉద్యోగి ఇంటి తలుపుకు అంటించడం ఆనవాయితీ. కొండకు తలుపు లేదు. మా సూపరింటెండెంటు ఓబుళపతి మైదా ఉడికించి తీసుకెళ్ళి, సరిగ్గా గులకరాళ్ళ పట్టీమీద అంటించి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకున్నాడు. ఆ ఇద్దరూ నవ్వు ఆపుకోలేక సంతకాలు వంకరగా పెట్టారు.

కొండ జవాబు ఇవ్వలేదు. గడువు దగ్గరపడుతుంటే కుళ్ళాయమ్మ మళ్ళీ వచ్చింది.

"సార్, దాని బదులు మేం రాసిస్తే చెల్తాదా?"

నేను వద్దనేలోపే ఓబుళపతి అందుకున్నాడు. "ఎందుకు చెల్లదక్కా? ఉద్యోగి స్పృహలో లేకపోతే ఇంటోళ్ళు రాసియ్యొచ్చు. రూలుండాది."

"ఏం రాయాల?"

"ఎందుకు రాలేదో కారణం రాయాల."

కుళ్ళాయమ్మ ఆలోచించలేదు. "మేము పనికి పోకపోతే ఏం చెప్తామో అదే. ఒళ్ళు బాగలేదని రాసుకో" అంది. సంఘం తరఫున వేలిముద్ర కాదు, చక్కటి అక్షరాలతో సంతకమే పెట్టింది. మా శాఖలో ఎవరైనా దేనికైనా సంతకం పెడితే, పెట్టినవాళ్ళు బాగుపడటం నేను చూడలేదు.

ఒళ్ళు బాగలేదంటే డాక్టరు సర్టిఫికెట్ జత చెయ్యాలి. ఓబుళపతీ నేనూ మండలం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టర్ నిరంజన్ మంచివాడు. పరీక్ష రాయని పిల్లలకీ, ఎన్నికల డ్యూటీ పడ్డ టీచర్లకీ ఎవరికీ లేదనకుండా సర్టిఫికెట్లు ఇచ్చిన చెయ్యి ఆయనది. తలెత్తకుండానే అడిగాడు.

"పేషెంటు పేరు?"

"నాపలదిన్నె కొండ" అన్నాను.

"వయసు?"

"అదే తేలడంలేదు డాక్టరుగారూ. గొడవంతా దాని గురించే."

"జ్వరం అని రాయనా, నడుంనొప్పి అని రాయనా?"

"పక్కకు వాలిపోయింది కాబట్టి నడుమే బాగుంటుంది సార్" అన్నాడు ఓబుళపతి.

"ఎన్నాళ్ళు విశ్రాంతి కావాలి?"

"యాభై కోట్ల సంవత్సరాలు."

డాక్టరుగారు అప్పుడు తలెత్తారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అంత పాత తేదీతో ఇవ్వడం మాకు కష్టం" అన్నారు. ఓబుళపతి డైరెక్టరుగారి పేరు చెప్పాడు. డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని రాశారు. కొండ ఇప్పుడు పూర్తిగా కోలుకుందనీ, పొరలు వెయ్యడానికి తగిన ఆరోగ్యంతో ఉందనీ రెండో సర్టిఫికెట్ అడక్కుండానే ఇచ్చారు.

సెలవు మంజూరు చెయ్యాలంటే సర్వీసు రిజిస్టరు తెరవాలి. ఓబుళపతి తెరిచాడు. పుట్టిన తేదీ దగ్గర "పరిశీలనలో ఉన్నది" అని రాశాడు. విద్యార్హత దగ్గర "లేదు" అని రాశాడు. పుట్టుమచ్చల దగ్గర "నడుము చుట్టూ గులకరాళ్ళ చార" అని రాసి నాకు గర్వంగా చూపించాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటికి రెండు నెలలైంది, నాపలదిన్నెలో ఒక్క లారీ కదల్లేదు. కుళ్ళాయమ్మ ఊళ్ళో కొందరు అప్పటికే ఉలీ సుత్తీ అటకమీద పెట్టి బెంగుళూరు బస్సెక్కారు. అక్కడ కట్టే మేడల్లో ఇటుకలు మోస్తున్నారని విన్నాను. నేను డైరెక్టరుగారికి ఫోన్ చేసి, ఫైలు తెగేదాకా పైబండలకైనా తాత్కాలిక ధ్రువపత్రం ఇద్దామని బతిమాలాను.

"కాలమే తేలని రాయిని తాత్కాలికం చెయ్యడమా? మీకు నిబంధనలమీద గౌరవం తగ్గుతోంది పరాంకుశం గారూ" అన్నారాయన.

సెలవు లెక్క మొదలైంది. కొండ సర్వీసుకు జమ అయిన సెలవులన్నీ కూడితే చాలా వచ్చాయి. అయితే ఎన్ని జమ అయినా మూడువందల రోజులకు మించి నిల్వ ఉండవని ఓబుళపతి గుర్తుచేశాడు. సగం జీతం సెలవు కలిపారు, జీతంలేని సెలవు కలిపారు. బాలింత సెలవు కూడా కలపవచ్చా అని ఒక ఫైలు పైకి వెళ్ళి, కొండ ఆడో మగో తేలక తిరిగి వచ్చింది. ఎంత సర్దినా యాభై కోట్ల సంవత్సరాల్లో ఓ చెంచాడు కూడా తగ్గలేదు.

చివరికి ఓబుళపతే నిబంధనల పుస్తకం తిరగేస్తూ ఒకచోట ఆగిపోయాడు. "సార్, మనం ఇన్నాళ్ళూ వృథాగా లెక్కలు కట్టినాం" అన్నాడు మెల్లగా. అయిదేళ్ళకు మించి విధులకు రాని ఉద్యోగి ఏ కారణం చేత రాకపోయినా, ఏ సర్టిఫికెట్ ఇచ్చినా, ఉద్యోగానికి రాజీనామా చేసినట్టే భావించాలని అక్కడ ఉంది.

డైరెక్టరుగారు ఆ వాక్యాన్ని ఫోన్లో రెండుసార్లు చదివించుకున్నారు. "ఎంత అందంగా రాశారయ్యా పెద్దవాళ్ళు" అన్నారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. "సదరు కొండ దీర్ఘకాల గైర్హాజరును దాని ప్రతినిధి లిఖితపూర్వకముగా అంగీకరించియున్నందున, సదరు కొండ రాజీనామా చేసినట్లు భావించి, ఆ రాజీనామా ఇందుమూలముగా ఆమోదింపబడినది." ప్రతినిధి అంటే కుళ్ళాయమ్మ. ఆమె పెట్టిన సంతకానికి మా వాళ్ళు ఉపయోగం కనిపెట్టారు.

సంగతి చెప్పడానికి నేనే ఊరికి వెళ్ళాను. విని కుళ్ళాయమ్మ మొహం విచ్చుకుంది.

"అంటే కొండ ఇంగ మీది గాదు?"

"మా శాఖ కింద లేదు."

"మీ కాగితం అక్కర్లా?"

"సర్వీసులో లేనిదానికి కాగితం ఎందుకు" అన్నాను. అలా అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది. కానీ ఎటుచూసినా తర్కం అదే చెబుతోంది. ఒక్కోసారి పిచ్చి పనులు కూడా తిరిగి తిరిగి మనిషికి మంచి చేస్తాయేమో అనిపించింది. ఆ పూట నాపలదిన్నెలో అందరికీ బెల్లం పంచారు. బెంగుళూరు వెళ్ళినవాళ్ళకు ఫోన్లు చేసి రమ్మన్నారు. కుళ్ళాయమ్మ నా చేతిలో రెండు ముక్కలు పెట్టి, "మీ డైరెక్టరుసారు దేవుడు సామీ" అంది. ఆ బెల్లం తియ్యగానే ఉంది.

వారం తిరక్కముందే రెండో నోటీసు వచ్చింది. ఉద్యోగం వదిలినవాడు ప్రభుత్వ క్వార్టరు ఖాళీ చెయ్యాలి. కొండ నిలబడి ఉన్నది ప్రభుత్వ స్థలంలో. "ప్రభుత్వ సేవలో లేనివారు ప్రభుత్వ స్థలమును ఆక్రమించియుండుట చెల్లనేరదు గనుక, సదరు కొండ రెండు నెలలలోగా తనంతట తాను స్థలమును ఖాళీ చేయవలెను. లేనియెడల శాఖ ద్వారా తొలగింపబడును."

మైదా ఉడికించి ఓబుళపతి మళ్ళీ వెళ్ళాడు. ఈసారి సాక్షులెవరూ నవ్వలేదు.

నేను హైదరాబాదు దాకా పరుగెత్తి... అని రాయబోయాను గాని, మా రాజధాని ఎక్కడో నాకే సరిగ్గా గుర్తుండదు. ఎక్కడుంటే అక్కడికి వెళ్ళాను. డైరెక్టరుగారి గదిలో నిలబడి, మనసులో ఉన్నదంతా అనేశాను. "సార్, అది కొండ. దానికి సెలవులేమిటి, రాజీనామా ఏమిటి? ఒక్క కొండమీద ఊరు ఊరంతా బతుకుతోంది సార్" అన్నాను. గొంతు లేచింది కూడా.

ఆయన కోప్పడలేదు. పటంవైపు చూసి నిట్టూర్చారు. "ఆ ఊరిమీద నాకు మాత్రం జాలి లేదా? కానీ ఒక ఉద్యోగికి మినహాయింపు ఇస్తే రేపు ప్రతి కొండా అడుగుతుంది" అన్నారు.

ఖాళీ అయ్యేదాకా ఆ స్థలంలోంచి ఏదీ కదలరాదన్నారు గనుక, ఊరి లారీలు కదలకుండానే రెండు నెలలూ గడిచాయి. కొండ తనంతట తాను ఖాళీ చెయ్యలేదు. తొలగింపు పనికి టెండరు పిలిచారు. టెండరు దక్కినాయన మంత్రిగారి బావమరిది అంటారు. నేను అనను. ఆయన పెద్ద పెద్ద యంత్రాలు దించి, పైపరుపుల్ని పలకలుగా కోసి రాత్రింబవళ్ళు తరలించాడు. గులకరాళ్ళ పట్టీ దగ్గర ఎవరూ కొబ్బరికాయ కొట్టలేదు, ఎవరూ ఆగలేదు. కిందివాటిని పేల్చి కంకర చేశారు. ఆయన లారీల్ని చెక్‌పోస్టు దగ్గర ఎవరూ ఆపలేదు. కొండ తొలగింపులో వచ్చేది శిథిలమే గాని శిల కాదనీ, శిథిలానికి వయో ధ్రువపత్రం అక్కర్లేదనీ వివరణ ఉత్తర్వు అప్పటికే వచ్చి ఉంది. కుళ్ళాయమ్మ వాళ్ళు రోడ్డు పక్కన పేర్చిన బండలు కూడా శిథిలాల కిందికే వచ్చాయి. అవి వాళ్ళు చేతులతో కొట్టినవని నేను రాసి పంపాను. ఆ కాగితానికి జవాబు రాలేదు.

ఆ ఊళ్ళో మిగిలినవాళ్ళు కొన్నాళ్ళు యంత్రాల దగ్గర నిలబడి చూశారు. తర్వాత బస్సెక్కారు.

కొండ పోయిన చోట చదునైన గొయ్యి మిగిలింది. ఆ నెల వీడియో కాన్ఫరెన్సులో తెరమీద మా జిల్లా ఆకుపచ్చగా వెలిగింది. నేను పొరపాటేమో అనుకున్నాను. ఓబుళపతి చెవిలో చెప్పాడు: "పై పొరా లేదు, కింద పొరా లేదు. ఇంగ మధ్యలో ఖాళీ యాడిది సార్?"

అంగదరావుగారికి ఉత్తమ అనుసంధాన పురస్కారం వచ్చింది. సభలో ఆయనకు జ్ఞాపికగా నున్నగా పాలిష్ చేసిన నాపరాతి పలక ఇచ్చారు, దాని నడిబొడ్డున బంగారు పూత మేకు. పలక కాంట్రాక్టరుగారి సౌజన్యం. అందరూ దాన్ని చేత్తో తడిమి చూశారు. ఏ కాలందో ఎవరూ అడగలేదు, దాని మీద వయసు చెక్కించనూ లేదు.

ఎండాకాలంలో కుళ్ళాయమ్మ ఒకరోజు మా ఆఫీసుకు వచ్చింది. చిక్కిపోయింది, చేతులకు సిమెంటు పగుళ్ళు. ఈసారి కుర్చీ లాక్కోలేదు. ఊరికి వచ్చి రేషన్‌కు వెళ్తే కార్డు పోయిందట. వరసగా మూడు నెలలు ఊళ్ళో కనిపించనివాళ్ళ పేర్లు ఊరి కుటుంబాల జాబితాలోంచే తీసెయ్యాలని రేషన్ వాళ్ళకేదో కొత్త నిబంధన వచ్చింది. ఒక్క ఆమెదే కాదు, బెంగుళూరు వెళ్ళిన ఇళ్ళన్నిటివీ తీసేశారు.

"అది మా శాఖ కాదమ్మా" అన్నాను.

"నాకు తెల్సు సార్. మిమ్మల్ని చూసి పోదామని వచ్చినా." ఆమె గోడమీది పటం చూస్తూ అంది. "కొండ యాభై కోట్ల ఏండ్లు ల్యాకపోతే నోటీసిచ్చినారు. ఎందుకు రాలేదని అడిగినారు. డాక్టరు కాడికి పోయి నడుంనొప్పని రాయించినారు, సెలవులన్నీ కూడి చూసినారు. మేము మూడు నెల్లు ల్యాకపోతే, ఎందుకు పోయినారని ఒక్క మాటన్నా అడగాల్నా వద్దా సార్?"

నేను ఓబుళపతి వైపు చూశాను. నిబంధనల పుస్తకం ఎదురుగా ఉంచుకుని కూడా అతను తెరవలేదు. కుళ్ళాయమ్మ మధ్యాహ్నం బస్సుకు టైమైందని వెళ్ళిపోయింది.

ఆ నెల జిల్లా నివేదికలో రేషన్ వాళ్ళ పట్టిక చూశాను. నాపలదిన్నెలో కార్డు లేని కుటుంబం ఒక్కటీ లేదు. ఆ గడి కూడా ఆకుపచ్చగా ఉంది.